సమస్య: జామచెట్టు కాసెఁ జందమామ

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, దానికి ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించండి.

జామచెట్టు కాసెఁ జందమామ

పోయిన రెండు వారాలూ పురాణాలతోనే గడిచిపోయాయి. శివుడి జటలో చంద్రుడు, రాహువు నోట్లో చంద్రుడు వద్దే వద్దు. మీ ఇల్లు, మీ పెరడు, మీ ఇంట్లో తిరిగిన జంతువులు, ఇంటిల్లిపాదీ ఉండాలి. కల్పన ఎంతైనా చేయండి, కానీ పెరటి గుమ్మం దాటకూడదు. పూరణ కింద రెండు ముక్కలు వచనంలో రాస్తే మాకూ ఆ చెట్టు కనబడుతుంది.

పెరటిజాజి:
నేనే మొదలుపెడతాను. మాది బాపట్ల దగ్గర పల్లె. బావికి, పశువుల పాకకి మధ్య జామచెట్టు ఉండేది. రాత్రి అన్నాలు దాని కిందే, నులకమంచం మీద.

అన్నమొద్దటంచు నలిగిన బుజ్జికిఁ
బెరటిలోన బామ్మ వేలుఁ జూపి
"కొమ్మసందుఁ జూడు, గోరుముద్దలు తిను,
జామచెట్టు కాసెఁ జందమామ!"

మా బామ్మ ముద్ద పెట్టేటప్పుడు మొదటి ముద్ద ఎప్పుడూ పాకలో ఉన్న దూడ పేరు మీద పెట్టేది. "దూడ తినేసింది, నువ్వే మిగిలావు" అనేది. దూడ అన్నం తినదని తెలిసే వయసు వచ్చాక కూడా నోరు తెరిచేదాన్ని.

యతిమైత్రి:
జాజి గారూ, మూడో పాదం చాలా బాగా కుదిరింది. 'గోరుముద్దలు తిను' అన్నది ర, నల అనే గణాలుగా (గురులఘువుల గుంపులుగా) విరిగి, ఎక్కడా ఇరికించినట్టు లేదు. ఒకే మాట: 'వేలుఁ జూపి' అసమాపక క్రియ. ఆ తరువాత 'అనెను' అనేది పద్యంలో ఎక్కడా లేదు. 'వేలుఁ జూపె' అంటే వాక్యం అక్కడ పూర్తవుతుంది, ఆ తరువాతి మాటలు బామ్మవని మేమే అనుకుంటాం. గణం మారదు.

పెరటిజాజి:
'చూపె' అనే ఉంచుతాను. ధన్యవాదాలు మాస్టారూ.

తెనాలి తాతయ్య:
విరుపుతో ఒకటి చూడండి.

పెరటిలోన నాఁడు పెరిఁగిన దేదిరా?
నింగి వెలుఁగు లెట్లు నేలఁ జేరె?
తాత యడుగఁ జెప్పెఁ దడఁబాటు లేకను
"జామచెట్టు, కాసెఁ జందమామ."

మొదటి ప్రశ్నకు 'జామచెట్టు', రెండో ప్రశ్నకు 'కాసెఁ జందమామ'. వెన్నెల కాసింది కదా!

నిర్వాహకుడు:
తాతయ్య గారూ, అవధాని చేయవలసిన పనే చేశారు. ప్రశ్నోత్తరంగా విరిచేసరికి అసంభవం మాయమైపోయింది. ఛందస్సులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఇందులో పెరడు అన్న మాటే ఉంది, పెరడు లేదు. ఎవరి తాత, ఎవరిని అడిగాడు? ఈ పద్యాన్ని కరువుసీమలో చెట్టే లేని ఇంట్లో కూర్చుని కూడా రాయవచ్చు.

తెనాలి తాతయ్య:
హహ్హ. నిజమే, మా ఇల్లు మూడో అంతస్తు. తులసి కుండీ తప్ప ఏమీ లేదు.

సిద్దిపేట సైకిల్:
అన్నా, నాది జర పొడుగు కథ. ఎండకాలం సెలవులల్ల అమ్మమ్మ ఇంటికి పోతే మాకు రెండే పనులు. పొద్దుగాల్ల బర్లను చెర్ల తోలుడు, పగటీలి జామచెట్టెక్కుడు. మా తమ్మునికి మూడో పని గూడ ఉండె. మామ పెట్టెల పాత చందమామలు ఉండేటియి, అవి ఎత్కపోయి కొమ్మల మీద కూసొని చదువుడు. తాత చూస్తే "పండ్లు తెంపమంటే పత్రిక చదువుతున్నవా" అని తిట్టేది.

పండు కోయ నెక్కి పత్రిక చదివెడు
తమ్ముఁ డదిరిపడఁగఁ దాత యఱవ,
పట్టియుంచినట్టి బుట్టలోఁ బడె నౌర!
జామచెట్టు కాసెఁ జందమామ.

బుట్ట పట్టుకున్నది నేనే. జామపండు పడుతదని చూస్తే విక్రమార్కుడు, భుజం మీద బేతాళుడు!

కందం కిట్టయ్య:
అదిరింది తమ్ముడూ. కానీ మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు, తప్పింది. 'ప'కు 'బు'కు హల్లు కుదిరినా అచ్చు కుదరదు కదా?

యతిమైత్రి:
కిట్టయ్య గారూ, అక్కడ ఉన్నది ప్రాసయతి. 'పట్టి', 'బుట్ట' రెండింటిలోనూ రెండో అక్షరం ట్టకారమే. ఆటవెలది, తేటగీతి, సీసం లాంటి వాటిలో యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. తప్పు లేదు సరే, ఆ 'పట్టి, యుంచి, నట్టి, బుట్ట' వరస చదువుతుంటే చెట్టు ఊపుతున్న చప్పుడు కూడా వస్తోంది.

నాకున్న అభ్యంతరం వేరు. 'ఔర' పాదపూరణకు వచ్చిందేమో అనిపిస్తుంది.

నిర్వాహకుడు:
నాకలా అనిపించలేదు. బుట్టలో పండుకు బదులు పుస్తకం పడితే ఎవరైనా ముందు అనేది అదే. ఉంచేయండి.

చందమామను పత్రికగా పట్టుకోవడం ఈ సమస్యకు మంచి తాళం. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టినప్పటినుంచి ఎన్ని పెరళ్ళలో, ఎన్ని కొమ్మల మీద చదివారో దాన్ని. మా ఇంట్లో అయితే పశువుల కొట్టం అటక మీద. ఎలుకలు కొరికిన సంచికల్లో బేతాళ కథలకు చివరి పేజీ ఉండేది కాదు, బేతాళుడి ప్రశ్నకు జవాబు మేమే చెప్పుకొనేవాళ్ళం.

కరీంనగర్ కోడలు:
మా అత్తమ్మ కుక్క గురించి రాయకుంటే నన్ను ఇంట్ల ఉండనియ్యరు.

నల్లకుక్క నుదుట నడిమి తెల్లనిచుక్క
చూచి యత్త పెట్టె సొగసు పేరు;
కోతిగుంపు రాఁగఁ గోరలు చూపించి
జామచెట్టు కాసెఁ జందమామ!

కోతులు మా దగ్గర పెద్ద గోస. జామ పిందె పట్టిందంటే ఎట్ల తెలుస్తదో, గోడ మీద వరసగా కూసుంటయి. పండు తిన్నా బాధ లేదు. ఒక్క కొరుకు కొరికి పారేస్తయి, కొమ్మలు విరుస్తయి, ఆరేసిన వడియాలు, మిరపకాయలు అన్నీ ఆగం చేస్తయి. చందమామ ఒక్కటే వాటిని గోడ దిగనిచ్చేది కాదు. ఒకసారి చెవి చీల్చుకొని వచ్చింది. అత్తమ్మ పసుపు పెట్టి, ఆ రోజు దానికి పాలు, మాకు చాయ్ లేకుండా నల్లనీళ్లు.

కందం కిట్టయ్య:
భలే భలే. కానీ ఒక సందేహం. కాపలా కాయడం అన్న అర్థంలో 'చెట్టును' అని ద్వితీయ ఉండాలి కదా? అలా లేకపోతే చెట్టే చందమామను కాపాడినట్టు అవదా?

యతిమైత్రి:
జడపదాలకు ద్వితీయ స్థానంలో ప్రథమ రావచ్చని చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే ఉంది. 'పండు తిన్నాడు, చెట్టు నరికాడు' అని మనం రోజూ అంటూనే ఉంటాం. చెట్టు జడం, కుక్క కర్త. పైన కోరలు చూపించింది ఎవరో స్పష్టంగా ఉంది కాబట్టి అపార్థానికి తావు లేదు. ఇప్పటిదాకా వచ్చిన పూరణల్లో సమస్యలోని ఒక్క అక్షరం కదపకుండా అర్థం మొత్తం తలకిందులు చేసినది ఇదే.

డాలస్ పెరడు:
అందరికీ నమస్కారం. పద్యం రాయడం నాకు కొత్త. ఇక్కడ జామ కుండీలోనే. మంచు పడితే తట్టుకోలేదు, అందుకని చలికాలం గరాజ్‌లోకి లాగుతాం. లోపలికి తెచ్చాక వేడి కోసం బల్బు కడతాం.

చలికి వణుకునంచు సంక్రాంతి దినములఁ
గుండ్రమైన బల్బు కొమ్మకుఁ గట్ట
ఫోనులోనఁ జూచి పులకించె నమ్మమ్మ
"జామచెట్టు కాసెఁ జందమామ!"

అమ్మమ్మకు చూపు బాగా తగ్గింది. వీడియోలో ఆ బల్బు చూసి నిజంగానే "మీ దగ్గర పున్నమా?" అని అడిగింది. ఇక్కడ రాత్రి, అక్కడ పట్టపగలు.

యతిమైత్రి:
స్వాగతం బాబూ. భావం మా అందరి కంటే ముందుంది. రెండో పాదంలో మాత్రం గణభంగం ఉంది. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. అంటే గురులఘువు గానీ, మూడు లఘువులు గానీ. 'కొమ్మకుఁ' అంటే గురువు, రెండు లఘువులు, అది భగణం. 'కొమ్మఁ గట్ట' అంటే సరిపోతుంది. గు, కొ యతి ఎలాగూ కుదిరింది. మూడో పాదం ముట్టుకోవద్దు, 'ఫో, పు' చక్కగా పడ్డాయి.

పెరటిజాజి:
బాబూ, ఎండ వచ్చాక చెట్టును బయట పెట్టేముందు కొమ్మల కొసలు కత్తిరించు. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. ముదురు కొమ్మను ముద్దు చేస్తే ఆకులే మిగులుతాయి. ఆకు అడుగున తెల్లగా దూదిలాగా కనిపిస్తే అది పిండినల్లి. వేపనూనెలో కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టు.

డాలస్ పెరడు:
తప్పకుండా పిన్నిగారూ. 'కొమ్మఁ గట్ట' అని దిద్దుకున్నాను. అమ్మమ్మకు చదివి వినిపిస్తాను.

కందం కిట్టయ్య:
వంకలు పెడుతూ కూర్చున్నాను గనక నాదీ పెడతాను, చీల్చి చెండాడండి.

చిలుక కొట్టకుండఁ జీర పేలికఁ జుట్టి
పండు నొకటి దాఁచెఁ బాప కమ్మ;
తెల్లవాఱకుండఁ దెలియక యది యనె
"జామచెట్టు కాసెఁ జందమామ!"

మా ఆవిడ చిలకలకు, ఉడతలకు దొరక్కుండా పాత వాయిల్ చీర చింపి పండుకు మూట కట్టేది. గబ్బిలాలు కూడా వాసన పట్టి వచ్చేవి. మా అమ్మాయికి నాలుగేళ్ళు. నిద్ర కళ్ళతో పెరట్లోకి వచ్చి ఆ తెల్ల మూట చూసి అన్న మాటే ఇంచుమించు ఇది. ఆ చీర ఆవిడ సీమంతం నాటిది.

యతిమైత్రి:
కిట్టయ్య గారూ, ఇన్నాళ్ళూ ఈ పద్యాన్ని ఎక్కడ దాచారు? దిద్దుబాటు ఒక్కటే: 'తెల్లవాఱకుండ' అంటే ఇక తెల్లవారదేమో అన్నట్టుంది. 'తెల్లవాఱువేళఁ' అనండి. 'అది' గురించి ఎవరైనా అడిగితే, కన్నకూతురిని 'అది' అనే చనువు తండ్రికి ఉందని చెప్పండి.

కరీంనగర్ కోడలు:
సీమంతం చీర పండుకు కట్టిందా! మా ఇంట్ల అయితే సిమెంటు సంచి కట్టేటోళ్లు.

నిర్వాహకుడు:
'వేళఁ' దిద్దుబాటుతో కిట్టయ్య గారి పూరణకు మొదటి స్థానం. చందమామ కుక్క దానికి చాలా దగ్గరగా వచ్చింది. సమస్యను విప్పిన నేర్పు అందులోనే ఎక్కువ. కానీ చీర పేలిక ఆ ఒక్క ఇంట్లోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాదు, నాకు అదే ఎక్కువ నచ్చింది. తాతయ్య గారు ఒప్పుకోకపోవచ్చు.

తెనాలి తాతయ్య:
ఒప్పుకోను. నా ఓటు కుక్కకే.

నిర్వాహకుడు:
సరే, వచ్చే వారానికి, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే:

పిల్లి యెలుక కొఱకు వెన్నఁ దెచ్చె

కంప్యూటర్ ఎలుకను తేవద్దని ముందే చెబుతున్నాను.

సిద్దిపేట సైకిల్:
అయ్యో అన్నా, రెండు పాదాలు రాసేసిన!