చందమామ తరహా బొమ్మ: నల్ల గీత మీద రంగు వేస్తే సిరా పాకుతోంది

పాతపుట:
పాత చందమామల్లో శంకర్ గారు వేసిన బేతాళ కథల బొమ్మను చూసి రంగుల్లో వేస్తున్నాను. విక్రమార్కుడు, భుజాన శవం, వెనక శ్మశానం. ఎ4, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) కాగితం. పెన్సిలు మీద ఫౌంటెన్ పెన్నుతో గీత, ఆపైన వాటర్ కలర్. నీలం పూయగానే గీత పక్కన బూడిదరంగు మరకలు. ఆకాశం చారలు కడుతోంది. లోపం ఎక్కడండీ?

కుంచెపురుగు:
ముందు సిరా మార్చండి. మామూలు ఫౌంటెన్ పెన్ను సిరా నీళ్లలో కరిగే రంగు, ఎన్నాళ్లు ఆరినా తడి తగిలితే కదులుతుంది. సీసా మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్న డ్రాయింగ్ ఇంక్ తీసుకోండి. దాన్ని మాత్రం ఫౌంటెన్ పెన్నులో పోయొద్దు, లోపల గడ్డకట్టి పెన్ను పనికిరాకుండా పోతుంది. ముంచి గీసే పాళీ గానీ, 2వ నంబరు రౌండ్ కుంచె గానీ చాలు. పని కాగానే కడిగేయకపోతే కుంచె మొదట్లో సిరా బిగుసుకుని మొన విచ్చుకుంటుంది.

సన్న గీత త్వరగానే ఆరుతుంది. జుట్టు, నీడల్లాంటి దట్టమైన నలుపుని రాత్రంతా వదిలేయండి. పెన్సిలు చెరపడం ఆ తర్వాతే, అదీ మెత్తటి రబ్బరుతో. గట్టిగా రుద్దితే నలుపు వెలిసిపోతుంది.

ఆకాశం చారలు కట్టేది మొదటి పట్టీ ఆరాక రెండోది వేయడం వల్ల. మొత్తానికి సరిపడా నీలం ఒకేసారి కలుపుకోండి. అట్టను కాస్త వాలుగా పెట్టి, 12వ నంబరు కుంచెతో పైనుంచి అడ్డంగా లాగండి. కింది అంచున నిలిచిన తడిని తర్వాతి పట్టీలోకి దించుకుంటూ పోవాలి. మధ్యలో వెనక్కి వెళ్లి దిద్దారా, మచ్చ ఖాయం. 300 జీఎస్ఎం అయితే కాగితం అంతగా ఉబ్బదు.

నల్లసిరా:
సిరా సంగతి సరే గానీ, పాత కామిక్స్‌లోలా రంగు ఒకే మందాన పరుచుకోవాలంటే పోస్టర్ కలరే నయం. పెరుగు చిలికినంత చిక్కగా ఉండాలి. మరీ మందమైతే బీటలు వారుతుంది. రెండో పూత మీద కుంచె రెండుసార్లు తిప్పకండి, కింది రంగు లేచి వస్తుంది. లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త వెలుస్తాయి. చిత్తుకాగితం మీద ఆరనిచ్చి చూసుకోండి. పోస్టర్ కలర్ కింది గీతను కప్పేస్తుంది కాబట్టి నల్ల గీత చివర్లోనే.

పాతపుట:
చివర్లో చెయ్యి వణికితే బొమ్మంతా పోదా?

కుంచెపురుగు:
అందుకే గీత, రంగు విడివిడిగా చేసే పద్ధతి ఉంది. టిన్‌టిన్ కామిక్స్ పుస్తకాలకు, వాటిని సృష్టించిన బెల్జియం చిత్రకారుడు హెర్జే స్టూడియోలో అలాగే చేసేవారు: రంగులన్నీ లేతగా అచ్చయిన గీతలున్న కాగితం మీద, నలుపు విడిగా పారదర్శక ఫిల్మ్ మీద. మీరైతే ఎ3లో గీత పూర్తిచేసి, స్కాన్ తీసి, 71 శాతానికి కుదించి ఎ4 మీద లేజర్ ప్రింటు తీయించండి. టోనర్ (లేజర్ ప్రింటరు వాడే నల్లపొడి) నీళ్లకు కరగదు కాబట్టి పైన వాటర్ కలర్ నిక్షేపంగా వేసుకోవచ్చు. రంగు చెడితే ఇంకో ప్రింటు. కుదించినప్పుడు చేతి వణుకూ తగ్గి కనిపిస్తుంది, కానీ మరీ సన్నటి గీతలు ఎగిరిపోతాయి. ఎ3లో కాస్త లావుగానే గీయండి. మందం కాగితాన్ని అన్ని మెషీన్లూ లాక్కోవు, జెరాక్స్ షాపులో ముందే అడగండి.