డెబ్బై దాటిన షుగర్ పేషెంటుకి ఫిస్టులా అవసరమా, పర్మ్‌క్యాత్ చాలా?

గుంటూరు_అబ్బాయి: నాన్నగారికి 74 ఏళ్లు, పాతికేళ్లుగా షుగర్. నెల నుంచి మెడలో వేసిన తాత్కాలిక లైను (గొట్టం) మీదే వారానికి మూడుసార్లు డయాలసిస్. డాక్టరు గారు చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ నరాన్నీ కలిపే ఆపరేషన్) అంటున్నారు. అమ్మేమో, "ఈ వయసులో మళ్లీ కోతలెందుకు, పర్మ్‌క్యాత్ (చర్మం కింది నుంచి వేసే, ఎక్కువకాలం ఉంచే లైను) వేయించేస్తే పోలా" అంటోంది. ఏది నయం?

బ్రాడీపేట_రాజు: అమ్మగారి మాటే కరెక్టు. మా మామయ్యకి ఫిస్టులా రెండుసార్లు చేశారు, రెండూ మూసుకుపోయాయి. చివరికి పర్మ్‌క్యాతే దిక్కయింది. ప్రతిసారీ లావుపాటి సూదులు గుచ్చే బాధా తప్పింది.

బెజవాడ_టెక్నీషియన్: రాజు గారూ, చూడాల్సింది వయసు కాదండీ, నరం. డాప్లర్‌లో (రక్తనాళాలు చూసే స్కాన్) నరం 2 మి.మీ. కన్నా సన్నగా ఉంటే ఫిస్టులా నిలబడటం కష్టం. షుగర్ వాళ్లలో చాలామందికి మణికట్టు దగ్గర ధమని గట్టిపడిపోయి ఉంటుంది, అందుకే మోచేతి దగ్గర చేస్తారు. అక్కడ రక్తం జోరుగా వస్తుంది కానీ, కొందరికి వేళ్లకు రక్తం చాలక చెయ్యి చల్లబడి నొప్పి పుడుతుంది. ఈ సంగతి ముందే చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు.

ఫిస్టులా చేసిన ఆరు వారాలకి నిమిషానికి 600 మి.లీ. రక్త ప్రవాహం, నరం 6 మి.మీ. వెడల్పు, చర్మానికి 6 మి.మీ. లోపు లోతు ఉండాలని ఒక బండ లెక్క. నేనైతే ముందు చేత్తో చూస్తా. వేళ్లు ఆనిస్తే గురగురమని అదరాలి. చెయ్యి పైకెత్తిస్తే నరం చప్పబడాలి. ఎత్తినా ఉబ్బే ఉందంటే పైన ఎక్కడో ఇరుకైనట్టు. నరాన్ని వేలితో నొక్కిపడితే కింద కొట్టుకోవడం బలపడాలి, లేదంటే లోపలికొచ్చే రక్తమే తక్కువ.

సత్తెనపల్లి_కోడలు: మా అత్తగారికి పర్మ్‌క్యాత్. మిషన్ ఎక్కిన అరగంటకే చలి, వణుకు, జ్వరం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయిందన్నారు, ఐసీయూ దాకా వెళ్లొచ్చాం. తలస్నానం చేయించాలన్నా టెన్షనే. సూది నొప్పి ఒక్కటే లెక్కేసుకోకండి అన్నా.

బ్రాడీపేట_రాజు: సరేనమ్మా. కానీ మామయ్యకి గుండె పంపింగ్ 30 శాతమే. అలాంటివాళ్లకి కూడా ఫిస్టులా అంటారా?

బెజవాడ_టెక్నీషియన్: అననండి. ఫిస్టులా పెడితే గుండె మీద భారం పెరుగుతుంది, మీ మామయ్యగారికి లైనే మేలు. అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2019 మార్గదర్శకాలు కూడా ఫిస్టులాయే ముందు అని అందరినీ ఒకే గాటన కట్టవు, మనిషిని బట్టి తేల్చమంటాయి. అంతమాత్రాన నరం చూడకుండానే "పెద్దాయన కదా, లైనేసేద్దాం" అంటే నేనొప్పుకోను.

తమ్ముడూ, మీ నాన్నగారి విషయంలో ఇది కావాలా అది కావాలా అన్న గొడవే లేదు. మెడలో తాత్కాలిక లైను రెండు వారాలు దాటకూడదు, మీకు నెలయింది. ముందు దాన్ని మార్పించి పర్మ్‌క్యాత్ వేయించండి. అది నడుస్తుండగానే ఎకో (గుండె స్కాన్), రెండు చేతులకీ డాప్లర్ చేయించండి. బాగుంటే ఫిస్టులా చేయించి, అది పక్వానికొచ్చాక (నరం లావై సూదులకి పనికొచ్చాక) లైను తీయించేయండి.

గుంటూరు_అబ్బాయి: ఎడమ చేతికి మణికట్టు పైన మొన్న వార్డులో సెలైన్ ఎక్కించారన్నా. అక్కడ నల్లగా కమిలింది.

బెజవాడ_టెక్నీషియన్: అదే వద్దు! ఇకమీద రక్తం తీసినా సెలైన్ పెట్టినా అరచేతి వెనక నరానికే పెట్టమనండి. ఎడమ మణికట్టు దగ్గరి నరం పాడైనా మోచేతి దగ్గరిది మిగిలి ఉండొచ్చు, డాప్లర్ చేసేవాళ్లకి ఆ కమిలిన చోటు చూపించండి.