5, 5, 5, 3 గిటార్ పట్టు (కార్డ్): ఏ మైనర్ 11 అవునా, కాదా?

పిచ్చిగిటార్: 6, 4, 3 స్ట్రింగులు ఐదో ఫ్రెట్‌లో, 2వది మూడో ఫ్రెట్‌లో. మిగతావి మోగనివ్వను. చార్టులో, అంటే పట్టుల పేర్లు రాసిన కాగితంలో, ఏ మైనర్ 11 కనిపిస్తే ఇదే వాయిస్తా. నిన్న ఒకాయన "అది 11 కాదు బాబూ" అన్నాడు. ఏమంటారు?

గమకం_గారు: ఆయన చెప్పింది కరెక్ట్. మీ పట్టులో ఉన్నవి ఏ, జీ, సీ, డీ. 11 అని రాస్తే 9 కూడా, అంటే 'ఏ' నుంచి లెక్కపెడితే తొమ్మిదో స్వరం బీ, ఉన్నట్టే లెక్క. మీ దాంట్లో లేదు. మైనర్ 7 యాడ్ 11 అనండి, అంటే 9 లేకుండా 11 మాత్రం కలిపినది.

ఆరుతీగలు: మైనర్ 13కి ఏడు నోట్లు, మనకి ఆరు స్ట్రింగులు. ఏదోటి వదలక తప్పదు. డీ మైనర్ 9కి 5 నుంచి 2 దాకా స్ట్రింగుల మీద అందరం పట్టే 5, 3, 5, 5లో ఫిఫ్త్, అంటే ఐదో స్వరం, ఉందా? పేరు మార్చామా?

గమకం_గారు: ఫిఫ్త్ పోతే పోనీండి. నేనడిగింది 9 గురించి.

సరిగమ: ఏ మైనర్‌కి 13 దాకా పేరిస్తే ఖరహరప్రియ రాగం స్వరాలన్నీ వచ్చేస్తాయి. ఎఫ్ షార్ప్ బదులు ఎఫ్ వేస్తే నఠభైరవి.

ఆరుతీగలు: ఇప్పుడు రాగాలెందుకండీ?

బాసు_బాబాయ్: కింద నేను డీ వాయిస్తే మీ నాలుగు నోట్లే డీ 7 సస్ 4 అనే వేరే పట్టు. కొట్టుకోండి.

ఆరుతీగలు: విన్నారా! వినడానికి బాగుంటే చాలు. పేరు పట్టుకుని వేలాడేది వాయించడం రానివాళ్లే.

గమకం_గారు: సరే, నాకు రాదు. మా ట్రూప్‌కి చార్టులు రాసేది మాత్రం నేనే. ఒకసారి ఇలాగే బద్ధకించి 11 అని రాశా. కీబోర్డ్ ఆయన పద్ధతిగా బీ కలిపాడు. పాడేవాడిది శుద్ధ రిషభం, అంటే బీ ఫ్లాట్. రెండూ గుద్దుకున్నాయి. రిహార్సల్లో అందరి ముందూ చీవాట్లు నాకు. నా చార్టు ఇంకొకడు చదువుతాడండీ! మీరు గదిలో ఒక్కరే వాయించుకుంటే దానికి పిల్లి అని పేరు పెట్టుకోండి, నాకేం?

ఆరుతీగలు: ఇది ముందే చెప్పొచ్చుగా. రాసేటప్పుడు యాడ్ 11, ఒప్పుకుంటున్నా. కానీ 11 అని రాసున్నచోట 9 వదిలేస్తే తప్పంటే మాత్రం ఒప్పుకోను.

గమకం_గారు: పక్కన కీబోర్డ్ ఉంటే వదిలేయండి. లేకపోతే వేలు చాచండి.

బాసు_బాబాయ్: ఇంతకీ ఏ పాటకి, పిచ్చిగిటార్?

పిచ్చిగిటార్: పాటేం లేదు బాబాయ్. ఊరికే ప్రాక్టీసు.