స్ప్రైట్ షీట్ (గేమ్ బొమ్మలన్నీ ఒకే చిత్రంలో పేర్చింది) నుంచి బొమ్మలు విడదీసేదానికి ఏ టూల్ మేలు?

గండికోట_పిక్సెల్ (కడప):
కోట మీద సిపాయి తిరిగే చిన్న 2డీ గేమ్. సిపాయికి ఎల్‌పీసీ (లిబరేటెడ్ పిక్సెల్ కప్ అనే పోటీ బొమ్మలు) పాత షీట్ తీసుకున్నాం, సైజు 832 బై 1344 పిక్సెళ్లు. యూనిటీ గేమ్ ఇంజన్‌లో ఆటోమేటిక్ స్లైస్ (కోత) కొడితే ఒక్కో బొమ్మ ఒక్కో సైజులో వస్తాంది. నడిపిస్తే మనిషి ఎగిరెగిరి పడతాండాడు. దేంతో కోయాల?

బురుజు_కోడర్ (కర్నూలు):
ఆటోమేటిక్ వద్దప్పా. అది చుట్టూ ఉన్న ఖాళీ వదిలేసి బొమ్మ అంచుదాకా కోస్తుంది. కత్తి చాపిన ఫ్రేము వెడల్పైపోయి పివట్ (బొమ్మను నిలబెట్టే బిందువు) పక్కకు జరుగుతుంది, ఆ ఎగురుడు అందుకే. స్ప్రైట్ మోడ్ మల్టిపుల్ పెట్టి, స్లైస్‌లో గ్రిడ్ బై సెల్ సైజ్ తీసుకొని 64, 64 ఇయ్యి. ఫిల్టర్ మోడ్ పాయింట్, కంప్రెషన్ నన్.

అడ్డం 13, నిలువు 21 గడులు. మంత్రం 7 ఫ్రేములు, పొడవడం 8, నడక 9, నరకడం 6, బాణం 13. ఒక్కోదానికి నాలుగేసి వరుసలు: పైకి, ఎడమ, కిందికి, కుడి. ఆఖరి వరుస కింద పడేది, 6 ఫ్రేములే, దానికి దిక్కుల్లేవు. 273 గడుల్లో బొమ్మలుండేది 178. మిగతా 95 ఖాళీనే, ఏదో పోయిందని వెతకొద్దు.

అనంత_టైల్స్ (అనంతపురం):
ఇంజన్‌తో పనిలేకుండా విడి పీఎన్‌జీలు కావాలంటే ఇమేజ్‌మ్యాజిక్ (కమాండ్లు రాసి నడిపే టూల్). క్రాప్‌కు 64 బై 64 మాత్రమే ఇచ్చి ఆఫ్‌సెట్ ఇవ్వకుంటే షీటంతా ముక్కలైపోతుంది. వెంటనే ప్లస్ రీపేజ్ రాయాల. లేకుంటే ప్రతి ముక్కా పాత షీట్‌లో తన చోటును పట్టుకునే ఉంటుంది, కొన్ని ప్రోగ్రాముల్లో తెరిస్తే బొమ్మ ఏ మూలకో పోతుంది. ఫైలు నంబరు మూడంకెల్లో రానీయండి. పేర్ల వరుసలో 2 కన్నా 10 ముందు నిలబడితే నడక తారుమారే.

చేత్తో సరిదిద్దుకోవాలంటే ఏస్‌ప్రైట్‌లో (పిక్సెల్ బొమ్మలు గీసే ప్రోగ్రాం) ఇంపోర్ట్ స్ప్రైట్ షీట్ బాగుంటుంది, కాకపోతే కొనాల.

గండికోట_పిక్సెల్:
గ్రిడ్‌తో సరిపోయింది అన్నా. ఇంకో షీట్‌లో గడులే లేవు, కొన్ని బొమ్మలు పక్కకు పండుకోని ఉండాయి. జతగా జేసన్ ఫైలు (వివరాలు రాసిన టెక్స్ట్ ఫైలు) ఉంది.

బురుజు_కోడర్:
టెక్స్చర్‌ప్యాకర్ లాంటి దాంతో కుక్కిన షీట్ అది. కంటిచూపుతో కోయొద్దు, కొలతలన్నీ జేసన్‌లోనే ఉంటాయి. టెక్స్చర్‌ప్యాకర్‌దే అయితే రొటేటెడ్ ట్రూ అన్న బొమ్మను సవ్యదిశలో 90 డిగ్రీలు తిప్పి పెట్టి ఉంటారు. అందులో రాసిన వెడల్పు, ఎత్తు తిప్పకముందువి. అందుకని రెండింటినీ తారుమారు చేసి కోసి, అపసవ్యంగా తిప్పాల. పైథాన్‌లో బొమ్మల పనికి వాడే పిల్లో లైబ్రరీలో రొటేట్ 90 అంటేనే అపసవ్యం. ఎక్స్‌పాండ్ ట్రూ ఇవ్వకుంటే కొసలు తెగుతాయి. పిల్లో క్రాప్‌కు ఇచ్చేది ఎడమ, పైన, కుడి, కింద. వెడల్పు, ఎత్తు ఇచ్చి తికమకపడేవాళ్లే ఎక్కువ.

ట్రిమ్డ్ ట్రూ (చుట్టూ ఖాళీ కత్తిరించింది) అని ఉంటే సోర్స్‌సైజ్ కొలతతో ఖాళీ కాన్వాస్ చేసి, స్ప్రైట్‌సోర్స్‌సైజ్‌లోని ఎక్స్, వై దగ్గర అతికించు. అది చేయకుంటే మళ్లా ఎగురుడే.

తుంగభద్ర_ఆర్ట్ (కర్నూలు):
జేసన్ లేని చిందరవందర షీట్‌కు ఓపెన్‌సీవీ లైబ్రరీలో కనెక్టెడ్ కాంపొనెంట్స్, అంటే అంటుకొని ఉన్న పిక్సెళ్లను ఒక్కో ముక్కగా పట్టేది. నిప్పురవ్వలు, చేతిలోంచి జారిన కత్తి విడి ముక్కలైపోతాయి. అందుకని మాస్క్‌ను (బొమ్మ ఉన్న చోటును చూపే నలుపు తెలుపు చిత్రం) రెండు మూడు పిక్సెళ్లు ఉబ్బించి పెట్టె కొలతలు తీసుకోండి, కోసేది మాత్రం అసలు బొమ్మను.

మెజెంటా నేపథ్యముంటే జింప్ ఎడిటర్‌లో ముందు ఆల్ఫా ఛానల్ (పారదర్శకత) చేర్చి, రంగును బట్టి ఎంచుకొని (త్రెషోల్డ్ 0, యాంటీఎలియాసింగ్ వద్దు) తీసేయండి. కలర్ టు ఆల్ఫా వాడితే గులాబీ రంగు తలపాగా కూడా సగం మాయమవుతుంది. షీట్‌ను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అంతే సంగతులు: జేపెగ్ అయి అంచుల్లో రంగులు చెదురుతాయి, త్రెషోల్డ్ 0 పనిచేయదు. డాక్యుమెంట్‌గా పంపండి.

అనంత_టైల్స్:
ఎల్‌పీసీ బొమ్మలతో వచ్చే క్రెడిట్స్ ఫైలు పారేయొద్దు. ముక్కలు చేసినా గీసినవాళ్ల పేర్లు గేమ్‌లో చూపియ్యాల్సిందే.