పిల్లల సమస్య: చేప చెట్టు నెక్కి చింత కోసె

ఇది ఆటవెలది నాలుగో పాదం. మిగతా మూడూ మీరు రాసి, ఈ వింత మాటకు అర్థం కుదర్చండి, అదే పూరణ. చదివేది ఏడెనిమిదేళ్ళ పిల్లలు. అరసున్నలూ సరళాదేశాలూ (క, చలు గ, జలుగా మారడం లాంటివి) ఈసారి పట్టించుకోం. గణాలు (గురు లఘువుల లెక్క), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) మాత్రం తప్పకూడదు.

పూరణ 1 (ఏలూరు నుంచి ఒక టీచరమ్మ)

బువ్వ తినక నిద్ర పోయెను చిన్నోడు
కమ్మనైన కలను కాంచె నిట్లు:
నక్క నాట్యమాడె నాగలి పైనెక్కి,
చేప చెట్టు నెక్కి చింత కోసె

నిర్వాహకుడు: అమ్మా, ధార చక్కగా ఉంది. మూడో పాదం వింటే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. కానీ ఇదంతా కలేనని ముందే చెప్పేశారు, ఆ నవ్వు సగం చప్పబడిపోతుంది. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న పాత సమస్య ఉంది కదా. ముడి ఎంత తెలివిగా విప్పారన్నదే అక్కడ పెద్దలకు ఆనందం. పిల్లలు ముడి విప్పమనరు, ఆ ఏనుగులు లోపల ఏం చేస్తున్నాయని అడుగుతారు. కల తీసేసి, ఆ రెండు పాదాల్లోనూ ఇంకో రెండు జంతువుల్ని ఆడించండి.

పూరణ 2 (విశ్రాంత తెలుగు పండితులు)

నీట నీదు నేది? నేర్పుగా తాతయ్య
కొబ్బరెట్టులోయి కొట్టినాడు?
పప్పులోన వేయ బామ్మ యేమొనరించె?
చేప! చెట్టు నెక్కి! చింత కోసె!

నిర్వాహకుడు: మాస్టారూ, క్రమాలంకారం (ప్రశ్నలన్నీ ముందు, జవాబులు అదే వరుసలో తర్వాత) పిల్లలకు ఇంత బాగా అమరుతుందనుకోలేదు. సగం క్లాసు ప్రశ్న వేస్తే మిగతా సగం జవాబు అరవొచ్చు. ఒక్క మనవి. 'ఒనరించె' పిల్లల నోట పలకదు. 'బామ్మ చేసినదేమి' అంటే అక్కడ రావలసిన రెండు గణాలూ (రగణం, సలం) కుదురుతాయి, యతీ చెడదు.

ఒక సభ్యుడు: చేప చెట్టెక్కడం పూర్తిగా కల్పనేం కాదండీ. తమిళనాడులోని తరంగంబాడి దగ్గర 1791లో తాటిచెట్టు మీద పాకుతున్న చేపను పట్టుకున్నానని డాల్డార్ఫ్ అనే డేనిష్ అధికారి రాశాడు. మొప్ప మూతల ముళ్ళతో నేల మీద పాకే జాతి అది, గాలి కూడా పీల్చుకోగలదు.

నిర్వాహకుడు: పద్యం చెప్పాక పిల్లలకు ఈ సంగతి చెబితే కళ్ళింత చేసుకుని వింటారు. పద్యంలోకి మాత్రం తేవద్దు, పాఠమైపోతుంది.

మరొకరు రెండో పాదం ఒక్కటే పంపి, ఎక్కడో తడబడుతోంది చూడమన్నారు: 'కోతి పిల్ల తోడ కబుర్లాడి'. తడబాటు 'కబుర్లాడి' దగ్గరే. 'క' లఘువు, దాని వెనకే 'బు' గురువు, అక్కడ ఉండాల్సిన సూర్యగణం (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) రాదు. 'కో'కు 'క' యతి కూడా చెల్లదు. 'కోతి తోడ కలిసి కొమ్మలూగి' అని చూడండి. కబుర్లు పోయినా ఊగడం వచ్చింది, పిల్లలకు అదే ఎక్కువ ఇష్టం.

పూరణ 3 (కోనసీమ నుంచి ఒక గృహిణి)

వాన వచ్చె వచ్చె వాగులు పొంగెను
చెరువు నిండి నీట చింత మునిగె
పులుపు మీద మనసు పుట్టగా తోకూపి
చేప చెట్టు నెక్కి చింత కోసె

నిర్వాహకుడు: ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదేనమ్మా. చెట్టు దాకా నీళ్ళు తెచ్చారు, చేపకు దారి దొరికింది. అంతటితో ఆగితే పెద్దలకు సరిపోయే సమాధానం అయ్యేది. చేపకు పులుపు మీద మనసు పుట్టించారు చూడండి, అక్కడ పిల్లల పద్యమైంది. ఉప్పూ కారం అద్దుకుని చింతకాయ కొరికే పిల్లకు ఆ చేప బాధ ఇట్టే తెలుస్తుంది. 'వచ్చె వచ్చె' అనేచోట చప్పట్లు వాటంతటవే పడతాయి. 'తోకూపి' వ్యాకరణానికి ఒప్పదని ఎవరైనా అంటారేమో, నేనైతే మార్చను. 'తోక యూపి' అంటే ఆ ఊపు పోతుంది, గణమూ కుదరదు.

వచ్చే వారానికి: 'పిల్లి యెలుక తోడ పెండ్లి యాడె'. కల, సినిమా, బొమ్మలాట వద్దు. పెళ్ళి భోజనంలో ఏం వడ్డించారో తప్పకుండా రాయండి.