స్లీప్ ఆప్నియాకి (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) ఆపరేషనా, సీప్యాపా? ఎటూ తేల్చుకోలేకపోతున్నా

ఉప్పల్ 43:
అందరికీ నమస్తే. 94 కిలోలుంటా. గురక సంగతి ఇంట్లో వాళ్లు ఎప్పట్నుంచో అంటున్నా నవ్వి ఊరుకున్నా, పోయిన నెల రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పట్టేసింది, వెనక ఆటో అతను హారన్ కొడితే గానీ మెలకువ రాలేదు. దాంతో మా ఆవిడ పట్టుబట్టి స్లీప్ స్టడీ చేయించింది. ఏహెచ్‌ఐ (గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, తగ్గుతోందో చెప్పే లెక్క) 34, రక్తంలో ఆక్సిజన్ 79 శాతం దాకా పడిందట. ఊపిరితిత్తుల డాక్టరు సీప్యాప్ అన్నారు, అంటే రాత్రంతా మాస్క్‌లోంచి గాలి పంపే మెషీన్. ఈఎన్‌టీ ఆయనేమో ముక్కు దూలం వంకరగా ఉంది, దాంతో పాటు కొండనాలుక కూడా కొంత తీసేస్తే సరి అన్నారు. పళ్లకి పెట్టుకునేదేదో ఉందని తమ్ముడు, ఇంజెక్షన్ వచ్చిందని ఆఫీసులో ఇంకొకాయన. జన్మంతా మూతికి మాస్క్ కట్టుకుని పడుకోవడమంటే టెన్షన్‌గా ఉంది. ఆపరేషన్‌తో ఒక్కసారే వదిలిపోతుందా?

కూకట్‌పల్లి కుంభకర్ణ:
అన్నా, ఏహెచ్‌ఐ 30 దాటితే తీవ్రం కిందే లెక్క. గంటకి 34 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందన్నమాట. ముందు ఆ బండి పక్కన పెట్టి మెట్రో ఎక్కు. నేను 4 ఏళ్లుగా సీప్యాప్ మీదే ఉన్నా. అది రోగాన్ని తీసెయ్యదు, గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది అంతే, పెట్టుకోని రాత్రి మళ్లీ మామూలే. మొదటి వారం నరకం చూశా, నిద్రలోనే పీకి మంచం కింద పడేసేవాణ్ని. నాకు మీసం ఉంది, మాస్క్ అంచు సరిగా ఆనక గాలి లీకై కంట్లోకి కొట్టేది. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే రకానికి మారాక హాయిగా ఉంది. కొనకముందు ఒక నెల అద్దెకి తెచ్చుకో. గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్‌లో బోరు నీళ్లు మాత్రం పొయ్యకు, తెల్లగా గార కడుతుంది, డిస్టిల్డ్ వాటరే వాడు. ప్లగ్ ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించు.

పెరుగన్నం:
నేను 2019లో ఆపరేషనే చేయించుకున్నా, అంగిలి, కొండనాలుక రెండూ. పది రోజులు రాగిజావ, చల్లటి పెరుగన్నం, గుటక వేస్తే కళ్లలో నీళ్లు. గురక తగ్గింది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఏడాదిన్నర తర్వాత మళ్లీ స్టడీ చేస్తే ఏహెచ్‌ఐ 22! గురక తగ్గడం వేరు, ఊపిరి ఆగకపోవడం వేరు అని ముందు ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు మెషీన్ కూడా వాడుతున్నా. అలాగని ఆపరేషన్ అంతా దండగ అనను. టాన్సిల్స్ బాగా పెద్దగా ఉన్నవాళ్లకి బాగా పని చేస్తుంది, ముక్కు దూలం సరిచేయించుకుంటే మాస్క్ తేలిగ్గా పడుతుంది. మత్తిచ్చి, నిద్రలో స్కోప్‌తో గొంతు ఎక్కడ మూసుకుంటోందో చూసే పరీక్ష ఉంది, అది చేయకుండా కత్తి పట్టుకుంటామంటే ఒప్పుకోకు.

మల్కాజిగిరి అక్క:
తమ్ముడూ, మావారికి ఏహెచ్‌ఐ 12. పళ్ల అచ్చు తీసి చేసిన పరికరం పెట్టుకుంటారు, కింది దవడని కాస్త ముందుకి లాగి పట్టి ఉంచుతుంది. పొద్దున్నే దవడ నొప్పి అని గొణుగుతారు గానీ బాగానే ఉంది. మీ 34కి అది మొదట ఎంచుకునేది కాదు, మాస్క్ బొత్తిగా పడకపోతే ఆలోచించండి. ఆ ఇంజెక్షన్ బరువు తగ్గించే టిర్జెపటైడ్ అయ్యుంటుంది, ఊబకాయంతో పాటు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆప్నియా ఉన్నవాళ్లకి 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. బరువు తగ్గితేనే కదా దాని ఫలితం, నెలలు పడుతుంది, అప్పటిదాకా రాత్రుళ్లు ఊపిరి ఆగుతూనే ఉంటుంది. రిపోర్టులో వెల్లకిలా పడుకుంటే ఏహెచ్‌ఐ ఎంత, పక్కకి ఎంత అని విడిగా ఉంటుంది చూడండి. మావారి బనీను వెనక జేబు కుట్టి టెన్నిస్ బంతి పెట్టా, వెల్లకిలా తిరిగితే గుచ్చుకుంటుంది :)

ఉప్పల్ 43:
రిపోర్టు తీసి చూశా అక్కా, వెల్లకిలా 51, పక్కకి 19. పక్కకి పడుకున్నా మెషీన్ తప్పేలా లేదు. శనివారం మెషీన్ అద్దెకి తెస్తున్నా, ముక్కు సంగతి తర్వాత చూస్తా. మా ఆవిడ అప్పుడే మీసం తీసెయ్యమంటోంది. అది మాత్రం కుదరదు, ఆ ముక్కు మాస్క్ ఏ సైజో చెప్పు కుంభకర్ణ అన్నా.