భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు: కొట్టినవాళ్లది తప్పా, ఉరిమి చూసినవాళ్లదా?

తార్నాక శ్రోత:
పోయిన శనివారం సాయంత్రం నేనూ, ముగ్గురు ఆఫీసు స్నేహితులూ సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చిలో పాశ్చాత్య సంగీత కచేరీకి వెళ్లాం. నలభై మంది దాకా గాయకులు, వాళ్ల ముందు వయొలిన్లు, చెల్లోలు, సన్నాయిలాంటి ఒక ఓబో, ఒక ట్రంపెట్. మొదటి సగం ఇటలీ స్వరకర్త వివాల్డి 'గ్లోరియా', పన్నెండు భాగాలున్న ఒకే రచన. అన్ని భాగాలూ అయ్యాకే చప్పట్లు కొట్టడం ఇలాంటి కచేరీల ఆనవాయితీ. విరామం తర్వాత హాండెల్ 'మెస్సయ్య' నుంచి కొన్ని భాగాలు. మైకుల్లేవు. చప్పుడవుతుందని ఫ్యాన్లు కూడా కట్టేశారు. మిగతా ముగ్గురికీ ఇలాంటి కచేరీ ఇదే మొదటిసారి, బతిమాలి తీసుకెళ్లింది నేనే.

గ్లోరియా మొదటి కోరస్ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వయొలిన్లు ఒక్క ఉదుటున పై స్థాయికి ఎగురుతాయి, తర్వాత నలభై గొంతులూ ఒక్కసారి తెరుచుకుంటాయి. అది ఆగగానే నా పక్కనున్న స్నేహితురాలు చప్పట్లు కొట్టింది. ఇంకో పదిమంది కలిశారు. ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, పెదాల మీద వేలు పెట్టి, "ఇది సినిమా ఫంక్షన్ కాదమ్మా" అన్నారు. అంతే. చేతులు ఒళ్లో పెట్టుకుని మిగతా పదకొండు భాగాలూ అలాగే కూర్చుంది. చివర్లో అందరూ లేచి కొట్టినప్పుడు కూడా ఆమె చేతులు కదల్లేదు. బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగుతుంటే, "ఇంకెప్పుడూ నన్ను ఇలాంటివాటికి పిలవకే" అంది.

ఆ నిశ్శబ్దం నాకు ఇష్టమే, అది ఉండాలనే అంటాను. కానీ తెలియక చేసినదానికి నలుగురిలో మాట పడాలా? మీరేమంటారు?

చిక్కడపల్లి రసికుడు:
తార్నాక గారూ, మీ స్నేహితురాలి తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లుగా త్యాగరాయ గానసభలో కచేరీలు వింటున్నాను. తోడి ఆలాపన అయ్యాక కొడతాం, వయొలిన్ వంతు అయ్యాక మళ్లీ కొడతాం, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో ముక్తాయింపు సమంలో పడగానే కొడతాం. స్వరకల్పన బాగా కుదిరితే "భళా" అనకుండా ఉండలేం. పాడేవాళ్లు మా ముఖాలు చూసి ఇంకో ఆవర్తనం ఎక్కువ పాడతారు. విన్నవాడు ఉలుకూపలుకూ లేకుండా కూర్చుంటే ఎదుట పాడేవాళ్లకి ఎంత చిన్నతనం!

పైగా వాళ్ల దగ్గర కూడా ఈ మౌనం మొదట్నుంచీ ఉన్నది కాదు. 1778 జూలైలో మోజార్ట్ పారిస్ నుంచి వాళ్ల నాన్నకి రాసిన ఉత్తరం ఉంది. తన కొత్త సింఫనీలో ఫలానా చోట జనానికి నచ్చుతుందని తెలిసే రాశాడట, సరిగ్గా అక్కడ, సంగీతం నడుస్తుండగానే, చప్పట్లు మోగాయట. దానికి ఆయన ఎంత మురిసిపోయాడో! మోజార్ట్‌కి లేని పట్టింపు సికింద్రాబాద్‌లో మనకెందుకు?

ఆల్టో వరస:
నేను ఇలాంటి బృందంలోనే, ఆడవాళ్ల కింది స్థాయి గొంతుల వరస ఆల్టోలో పాడతాను (మీరు విన్నది మాది కాదు). రసికుడు గారూ, ఆ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. చివరి భాగాన్ని మోజార్ట్ కావాలనే రెండు వయొలిన్ వరసలతో, మెత్తగా మొదలుపెట్టాడు. అప్పుడు ఆ పారిస్ జనమే ఒకరినొకరు "ష్" అని ఆపుకున్నారు. మెత్తటి చోట వినాలని వాళ్లకీ ఉంది.

గ్లోరియాలో జరిగేదీ అదే. మొదటి భాగం డి మేజర్‌లో, ట్రంపెట్‌తో, పండగలా ముగుస్తుంది. రెండోది బి మైనర్, దిగులు పలికే వేరే శ్రుతి. తీగవాద్యాలు మెల్లగా అడుగులు వేస్తున్నట్టు మొదలవుతాయి, గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. మాటలు చూడండి. మొదటి భాగం: పైన దేవునికి మహిమ. రెండో భాగం: భూమి మీద మనుషులకి సమాధానం. లూకా సువార్త రెండో అధ్యాయంలో దేవదూతలు పాడినది, ఇక్కడి ప్రతి తెలుగు చర్చిలోనూ క్రిస్మస్‌కి వినపడే వాక్యం. రెండూ కలిపితేనే ఒక వాక్యం. చప్పట్లు పడింది ఆ వాక్యం మధ్యలో. ఆ రెండు మూడు క్షణాల్లో మేం శ్వాస మార్చుకుని, చెవిలో కొత్త శ్రుతి నిలుపుకుంటాం. చప్పుడైతే అది చెదురుతుంది. నాకు స్వయంగా చెదిరింది, తర్వాతి ప్రవేశం కిందకి జారి పాడాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నల్లకుంట వీణ:
కర్ణాటక కచేరీతో పోలిక పెట్టేటప్పుడు సరైన చోట పెట్టాలి. పల్లవికీ అనుపల్లవికీ మధ్య మనమూ కొట్టం కదా. ఇంకా దగ్గరి పోలిక త్యాగరాజ ఆరాధనలో పాడే ఆయన ఐదు కీర్తనలు, పంచరత్నాలు. అందరూ కలిసి పాడతారు, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ ఒకదాని వెంట ఒకటి. 'జగదానందకారక' అయ్యాక గౌళ అందుకునేలోపు చప్పట్లు కొట్టినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

చిక్కడపల్లి రసికుడు:
వీణ గారూ, పంచరత్నాల దగ్గర సభలో సగం మంది పాడుతుంటారు. నోట్లో సాహిత్యం, తొడ మీద తాళం ఉన్నవాడికి ఇక చప్పట్ల అవసరమేముంది? చర్చిలో ఆ అమ్మాయికి పాడే వీల్లేదు, తాళం వేసే వీల్లేదు, తల ఊపితే కూడా చూస్తారు. మిగిలింది రెండు చేతులు. వాటినీ కట్టేస్తే ఎలా?

బొల్లారం వాసి:
నేను ఆ పెద్దాయన్ని కాను గానీ ఆయన వయసువాడినే, ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. మాకు అది కచేరీ హాలు కాదు, మందిరం. వివాల్డి అది రాసింది 1715 ప్రాంతంలో, వెనిస్‌లో అనాథ ఆడపిల్లలు పెరిగే పియెతా అనే ఆశ్రమం కోసం. వాళ్లు చర్చిలోనే పాడేవారు. అక్కడ చప్పట్లు కూడదు గనక, మెచ్చినవాళ్లు దగ్గి, కాళ్లు కదిపి తెలియజేసేవారని ఆ కాలం యాత్రికులు రాశారు. అయితే "సినిమా ఫంక్షన్" అన్న మాట మాత్రం అనకుండా ఉండాల్సింది.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది వేరే ఉంది. హల్లెలూయ కోరస్‌కి అందరూ లేచి నిలబడతారు, అది అవ్వగానే సగం మంది పార్కింగ్ వైపు వెళ్లిపోతారు. అది మెస్సయ్య రెండో భాగం ముగింపు. మూడో భాగం మిగిలే ఉంటుంది.

నల్లకుంట వీణ:
నిలబడటం సంగతి వచ్చింది కాబట్టి: హల్లెలూయ కోరస్ విని ఇంగ్లాండు రాజు రెండో జార్జి లేచాడు, అందుకే అందరూ లేచారు అనే కథ మొదట కనిపించేది 1780 నాటి ఒక ఉత్తరంలో. మెస్సయ్యని మొదట పాడింది 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో. మధ్యలో ముప్పై ఎనిమిదేళ్లు. ఆ కథ తెలియదని ఎవరినీ తక్కువగా చూడొద్దు.

బొల్లారం వాసి:
కథ నిజం కాకపోయినా నేను లేస్తాను. మా నాన్నగారు లేచేవారు, అందుకని.

చప్పట్లు కొట్టినదాన్ని:
లింకు పంపారు, అంతా చదివాను. ఇది నా గురించే కాబట్టి రాస్తున్నాను.

నేను మర్యాద తెలియక కొట్టలేదు. అమ్మతో కలిసి రవీంద్రభారతిలో కూచిపూడి చూస్తూ పెరిగినదాన్ని, ఎక్కడ ఎలా కూర్చోవాలో నాకూ తెలుసు. ఆ పాట వింటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి, అది ఆగిపోయిందనుకున్నాను. నా చేతిలో పెట్టిన కాగితం మీద పన్నెండు వరసలు లాటిన్‌లో ఉన్నాయి. అవి పన్నెండు పాటలో, ఒకే పాటలో పన్నెండు ముక్కలో ఎలా తెలుస్తుంది? ఆల్టో గారు రాసిన ఆ రెండు లైన్లు, పైన మహిమ, కింద సమాధానం, ఆ కాగితం మీద తెలుగులో ఉండుంటే నా చేతులు వాటంతటవే ఆగేవి. రెండో భాగం ఎలా ఉందో నిజంగా నాకు గుర్తులేదు. అదంతా చెవులు వేడెక్కి కూర్చున్నాను. నిన్న రాత్రి ఫోన్‌లో మళ్లీ విన్నాను, ఒక్కదాన్నే.

ఆల్టో వరస:
అమ్మా, మీ మాట మా బృందంలో చదివి వినిపించాను. మొదట్లో ఒక ప్రకటన చేద్దామా అంటే, కొందరు అది పిల్లలకి పాఠం చెప్పినట్టు ఉంటుందన్నారు. నాకూ ప్రకటన ఇష్టం లేదు. పన్నెండు భాగాలకీ తెలుగు అర్థం కాగితం మీద వేద్దామంటే మాత్రం ఎవరూ కాదనలేదు. రాయడం నేను మొదలుపెట్టాను. నాలుగో భాగం దగ్గర ఆగాను. 'కృతజ్ఞతలు చెల్లిస్తున్నాం' అని చాలా చిన్నగా ఉంటుంది, 'నీ గొప్ప మహిమను బట్టి' అని ఐదోది దాన్ని పూర్తి చేస్తుంది. మళ్లీ ఒకే వాక్యం. ఈ రెంటినీ కాగితం మీద ఒకే వరసలో వేస్తాను.

చిక్కడపల్లి రసికుడు:
తెలుగు సరిచూడటానికి నాకు పంపండి, సంతోషంగా చూస్తాను. కానీ ఆరో భాగంలో ఆ సొప్రానో, అదే పై స్థాయి గొంతు గాయని, ఒంటరిగా, ఓబోతో కలిసి పాడుతుందే, అది బాగా పాడితే నేను కొడతాను. ముందే చెబుతున్నాను.

ఆల్టో వరస:
ఆరు అయ్యాక మేం వెంటనే ఏడు అందుకుంటాం రసికుడు గారూ. దర్శకుడి చేతులు కిందికి దిగాయేమో ఒకసారి చూసి కొట్టండి.

తార్నాక శ్రోత:
తేదీ ఖాయమయ్యాక ఇక్కడే చెప్పండి. నాలుగు టికెట్లు కావాలి. ఈసారి నన్ను అడిగింది తనే.